నొప్పిని నమ్మనివాళ్ళూ, సూదిని మాత్రమే నమ్మేవాళ్ళూ

స్త్రీల ఆరోగ్యం మీద పనిచేసే సంస్థల్లో కొంతకాలంగా ఒక వాదన నడుస్తోంది. వాదన అనడం కూడా ఎక్కువే. రెండు పక్షాలూ ఒకరి మాట ఒకరు వినకుండానే మాట్లాడుతున్నాయి. ఆక్యుపంక్చర్ క్యాంపులు పెట్టాలా వద్దా అన్నది పైకి కనిపించే ప్రశ్న. పెట్టాలనేవాళ్ళు దాన్ని మందుల కంపెనీల పట్టు నుంచీ ఆపరేషన్ కత్తి నుంచీ స్త్రీలను తప్పించే ప్రత్యామ్నాయం అంటున్నారు. వద్దనేవాళ్ళు అదంతా భ్రమ అనీ, తాయెత్తుకీ దానికీ తేడా లేదనీ కొట్టిపారేస్తున్నారు. ఎవరి నొప్పి గురించి ఇదంతా జరుగుతోందో ఆ స్త్రీ మాత్రం ఈ రెండు వాదనల్లోనూ కనిపించదు. నాకు ఇద్దరితోనూ పేచీ ఉంది.

సూది సంగతి తర్వాత. ముందు నొప్పి దగ్గర మొదలుపెడదాం.

నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే స్త్రీలు చాట ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి, కాళ్ళు మడిచి గంటల తరబడి కూచుంటారు. వెయ్యి బీడీలు లెక్క పూర్తయితేనే కూలి. మధ్యలో లేచి వంట చేయాలి, నీళ్ళు పట్టాలి, మళ్ళీ వచ్చి కూచోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నాట్లు వేసే స్త్రీలది ఇంకో రకం నరకం, పొద్దున వంచిన నడుం సాయంత్రానికి గానీ ఎత్తరు. వీళ్ళు నొప్పి అన్నప్పుడు ఇంట్లో వినిపించే మొదటి మాట "పనెగ్గొట్టడానికి సాకు" అని. ఆసుపత్రిలో వినిపించేది "ఈ వయసులో మామూలే" అని. ఒక బీడీ కార్మికురాలు నాతో అన్న మాట ఇది: "నడుము గుంజుతుందంటే డాక్టరు సారు మొకం ఎత్తి సూడడమ్మా. నేను చెప్పుడు గాకముందే గోలీలు రాస్తడు."

ఆ గోలీలతో తగ్గకపోతే ఊళ్ళో ఆర్‌ఎంపీ డాక్టరు డైక్లో సూది వేస్తాడు. దానికీ తగ్గకపోతే పట్నంలో స్కానింగు. నడుంనొప్పి, తెల్లబట్ట అని వెళ్ళిన మనిషికి "గర్భసంచి పాడైంది, తీయించుకోకపోతే క్యాన్సరవుతుంది" అన్న మాట తగులుతుంది. ఇక్కడ నేను ఊహలు చెప్పడం లేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. దేశంలో ఈ రెండు రాష్ట్రాలే ముందు. 2019-21 నాటి సర్వేలోనూ ఆ స్థానం మారలేదు. ఆపరేషన్ నాటికి సగం మంది వయసు ముప్పై నాలుగైనా దాటలేదు. దీనిమీద సుప్రీంకోర్టు దాకా వెళితే 2023లో గానీ అనవసర ఆపరేషన్లను అదుపు చేసే మార్గదర్శకాలు అమలు చేయమని రాష్ట్రాలకు ఆదేశం రాలేదు. గర్భసంచి పోయాక నడుంనొప్పి పోయిందా అంటే, చాలామందికి పోలేదు. నొప్పి గర్భసంచిలో లేదు కాబట్టి.

ఇలాంటి స్త్రీ ఆక్యుపంక్చర్ క్యాంపుకి వెళుతుంది. అక్కడ ఒకరు నాడి పట్టుకుని చూస్తారు, నాలుక చూపించమంటారు, ఎప్పటినుంచి, ఎక్కడ, రాత్రి నిద్ర పడుతుందా అని అడుగుతారు. అరగంటసేపు పడుకోబెడతారు. పెళ్ళయ్యాక పగటిపూట అరగంట ఎవరూ కదిలించకుండా పడుకున్నది ఆమెకు బహుశా అదే మొదటిసారి. నాలుగైదుసార్లు వెళ్ళాక తేలికైంది అంటుంది. ఆ మాట అనగానే మన హేతువాద మిత్రులు నవ్వుతారు.

ఆ నవ్వుతోనే నా మొదటి పేచీ. వాళ్ళు సైన్సు పేరు చెబుతారు కాబట్టి సైన్సునే చూద్దాం. దీర్ఘకాలపు నొప్పికి ఆక్యుపంక్చర్ పనిచేస్తుందా అన్న దానిమీద మంచి పరీక్షలే జరిగాయి. జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థల డబ్బుతో జరిగిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. నడుంనొప్పి ఉన్న 1,162 మందిని మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకి శాస్త్రం చెప్పిన బిందువుల్లో సూదులు, రెండో గుంపుకి ఆ బిందువులు కాని చోట పైపైన సూదులు, మూడో గుంపుకి మామూలు మందులూ వ్యాయామమూ. ఆరు నెలల తర్వాత చూస్తే మొదటి గుంపులో 47.6 శాతానికి, రెండో గుంపులో 44.2 శాతానికి, మూడో గుంపులో 27.4 శాతానికి గుణం కనిపించింది. 2012లో దాదాపు పద్ధెనిమిది వేల మంది రోగుల వివరాలు కలిపి చూసిన సమీక్ష కూడా ఇంచుమించు ఇలాంటి బొమ్మే గీసింది. నొప్పి నూటికి అరవై ఉన్న మనిషికి సూదులు లేకుండా అయితే అది నలభై మూడుకి దిగుతుంది, ఉత్తుత్తి సూదులతో ముప్పై అయిదుకి, అసలు సూదులతో ముప్పైకి.

ఉత్తుత్తి సూదులంటే చర్మంలోకి దిగకుండా నాటకాల్లో బాకులాగా పిడిలోకి జారిపోయేవి కూడా ఉన్నాయి. గుచ్చుకున్నట్టే అనిపిస్తుంది, గుచ్చుకోదు.

ఈ అంకెలకు రెండు అర్థాలున్నాయి, మన రెండు పక్షాలూ చెరొకటి మింగేస్తున్నాయి. బిందువులు, నాడీమార్గాలు, 'చీ' అనే ప్రాణశక్తి ప్రవాహం అని క్యాంపులో చెప్పే సిద్ధాంతానికి ఈ పరీక్షల్లో బలం చాలా తక్కువ. బిందువు తప్పినా ఫలితం దాదాపు అదే. ఇది క్యాంపు పెట్టేవాళ్ళు చెప్పరు. కానీ సూది అసలుదైనా ఉత్తుత్తిదైనా, మామూలు వైద్యం కంటే ఎక్కువమందికి ఊరట దొరికింది. ఇది హేతువాదులు చెప్పరు. "ప్లాసిబో" అని ఒక్క మాటతో తలుపు మూసేస్తారు. ఆ మాట అర్థం "నొప్పి లేదు, ఉన్నట్టు అనుకుంటోంది" అని కాదు. 1978లోనే పన్ను పీకించుకున్న రోగుల మీద చేసిన ప్రయోగంలో, ఉత్తుత్తి మందుతో వచ్చిన ఉపశమనాన్ని నాలోక్సోన్ అనే మందు ఆపేసింది. నాలోక్సోన్ మార్ఫిన్ ప్రభావాన్ని విరిచే మందు. అంటే నమ్మకం, శ్రద్ధ, స్పర్శ దొరికినప్పుడు మన ఒళ్ళే మార్ఫిన్ లాంటిదాన్ని తయారుచేసుకుంటోంది. ఒంట్లో జరిగేదాన్ని భ్రమ అనడం ఎక్కడి హేతువాదం? నొప్పి ఉందన్నా నమ్మని, తగ్గిందన్నా నమ్మని ఈ చూపు స్త్రీలకు కొత్త కాదు. అత్తగారింట్లో చూసిందే.

ఇంకో సంగతి కూడా వాళ్ళు ఆలోచించాలి. 2017లో వచ్చిన ఒక అంతర్జాతీయ సమీక్ష ప్రకారం ప్రాథమిక వైద్యంలో డాక్టరు రోగితో గడిపే సమయం స్వీడన్‌లో ఇరవై రెండు నిమిషాలు దాటితే, మన దేశంలో రెండు నిమిషాల చిల్లర. రెండు నిమిషాల్లో ఏ బీడీ కార్మికురాలి నడుంనొప్పి చరిత్ర పూర్తవుతుంది? ఆక్యుపంక్చర్ దగ్గర ఆమెకు దొరికింది అరగంట. ఆ అరగంటని ప్రభుత్వాసుపత్రి నుంచి ఎవరు ఎత్తుకుపోయారని అడగడం మానేసి, సూది మీద చర్చ పెట్టుకుని కూచున్నాం.

ఇప్పుడు రెండో పేచీ, మనవాళ్ళతో. ఇది నాకు మరింత ముఖ్యం, ఎందుకంటే క్యాంపు మన బ్యానరు కింద జరుగుతోంది.

"ఐదు వేల ఏళ్ళ ప్రాచీన జ్ఞానం" అని కరపత్రంలో మొదటి వాక్యం. ప్రాచీనమైన ప్రతిదీ స్త్రీలకు మేలు చేస్తుందనే భ్రమ స్త్రీవాదులకు ఎప్పుడు పట్టుకుంది? వైధవ్యం ప్రాచీనం కాదా? అది అలా ఉంచి, ఈ చరిత్ర కూడా అంత అవిచ్ఛిన్నమైంది కాదు. 1822లో చైనా చక్రవర్తి రాజవైద్యశాల నుంచి సూదుల వైద్యాన్ని తీసేయించాడు. 1929లో అక్కడి జాతీయవాద ప్రభుత్వం సంప్రదాయ వైద్యాన్నే రద్దు చేయాలని చూసింది. ఇవాళ మనం చూసే సన్నటి సూదులూ, శరీర నిర్మాణ శాస్త్రానికి సరిపోయేలా సర్దిన బిందువులూ 1930లలో చెంగ్ దానాన్ వంటి సంస్కర్తల కృషి. 1950ల తర్వాత మావో ప్రభుత్వం దాన్ని పైకెత్తడానికి అసలు కారణం పల్లెల్లో డాక్టర్లు లేకపోవడం. 1968 తర్వాత చెప్పులు లేని డాక్టర్ల చేతికి సూదీ మూలికా వచ్చాయి. అయితే అదే డాక్టర్లు టీకాలు వేశారు, మంచినీళ్ళ బావులూ మరుగుదొడ్లూ బాగుచేయించారు. అక్కడ పల్లె ఆరోగ్యం మెరుగుపడిన కథలోంచి బావిని తీసేసి సూదిని మాత్రం మన దగ్గరికి పట్టుకొచ్చారు. ఇక ఈమధ్య దీన్ని మన ఋషుల 'సూచీవేధం' అని రాసేవాళ్ళు కూడా బయల్దేరారు. వాళ్ళకి జవాబు చెప్పే ఓపిక నాకు లేదు.

పాశ్చాత్య దేశాల్లో దీనికి గిరాకీ వచ్చిన కథ కూడా తెలుసుకోదగ్గదే. 1971లో న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్‌కి బీజింగ్‌లో అపెండిసైటిస్ ఆపరేషన్ జరిగింది. సూదులతో మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆయనే రాసినదాని ప్రకారం ఆపరేషన్ మామూలు మత్తుసూదితోనే జరిగింది. ఆ తర్వాత కడుపుబ్బరంతో బాధపడుతుంటే సూదులు పెట్టారు. ఒక పుకారు యాభై ఏళ్ళు బతకగలదు.

మన దేశానికి ఇది వామపక్ష అభిమానంతో వచ్చింది. డాక్టర్ కోట్నీస్‌తో పాటు 1938లో చైనా వెళ్ళిన అయిదుగురు డాక్టర్లలో ఒకరైన బిజయ్ కుమార్ బసు, మళ్ళీ చైనా వెళ్ళి నేర్చుకొచ్చి 1959లో కలకత్తాలో ఈ వైద్యం మొదలుపెట్టారు. ఆ త్యాగాల మీద గౌరవం నాకూ ఉంది. అయితే ఉద్యమం గొప్పదైనంత మాత్రాన దాని చేతిలోని సాధనం పనిచేస్తుందని లేదు. 1970లో న్యూయార్క్ దక్షిణ బ్రాంక్స్‌లో నల్లజాతి, ప్యూర్టోరికన్ యువతీయువకులు లింకన్ ఆసుపత్రిలో తిష్ట వేసి, మత్తుమందులకు బానిసలైనవాళ్ళ కోసం ప్రజావైద్యశాల పెట్టించారు. కొన్నేళ్ళలో అక్కడ చెవికి సూదులు పెట్టే పద్ధతి స్థిరపడి ప్రపంచమంతా పాకింది. ఆ పోరాటం గురించి చదివితే ఒళ్ళు పులకరిస్తుంది. 2002లో కొకెయిన్ అలవాటున్న 620 మంది మీద పరీక్షిస్తే మాత్రం చెవి సూదులకీ ఉత్తుత్తి సూదులకీ తేడా కనబడలేదు.

నన్ను నిజంగా కోపం తెప్పించేది సంతానం వ్యాపారం. నొప్పికి మొదలైన క్యాంపు బ్యానరు ఏడాది తిరిగేసరికి పెరుగుతుంది. కీళ్ళనొప్పులు, పార్శ్వపు నొప్పి పక్కన షుగరు, థైరాయిడ్, పీసీఓడీ, సంతానలేమి చేరతాయి. పట్నాల్లో టెస్ట్‌ట్యూబ్ బేబీ కేంద్రాల చుట్టూ ఇది ఇప్పుడొక అదనపు ప్యాకేజీ. ఇక్కడ సాక్ష్యం ఏమంత మసకగా లేదు. 2017లో చైనాలోనే, పీసీఓడీ ఉన్న వెయ్యి మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో క్లోమిఫీన్ మాత్ర కాన్పుల సంఖ్యను పెంచింది, సూదులు పెంచలేదు. 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో ఐవీఎఫ్ చేయించుకుంటున్న 848 మందిని చూస్తే, బిడ్డ పుట్టినవాళ్ళు అసలు సూదుల గుంపులో 18.3 శాతం, ఉత్తుత్తి సూదుల గుంపులో 17.8 శాతం. అంటే ఏమీ లేదు. ఇది తెలిసీ, గొడ్రాలనే మాట పడుతూ, పుట్టింటివాళ్ళు పెట్టిన గాజులు తాకట్టు పెట్టి వచ్చిన ఆడమనిషి దగ్గర పన్నెండు సిట్టింగుల డబ్బు తీసుకుంటున్నారు. ఫలితం రాకపోతే "నువ్వు మనసు ప్రశాంతంగా ఉంచుకోలేదమ్మా" అంటారు. చూశారా, తప్పు మళ్ళీ ఆమెదే.

1954 నాటి మందులు, మాయా చికిత్సల ప్రకటనల చట్టం షెడ్యూలులో స్త్రీల వంధ్యత్వం, గర్భాశయ వ్యాధులు, బహిష్టు దోషాలు, మధుమేహం, క్యాన్సర్ అన్నీ ఉన్నాయి. ఆ చట్టం స్త్రీల శరీరాల గురించి మాట్లాడే తీరు మనకు నచ్చేది కాదు, అందులో కాపాడటం కంటే సిగ్గుపడటం ఎక్కువ. సూది ఆ చట్టం కిందికి వస్తుందా రాదా అని లాయర్లు వాదించుకోవచ్చు. మన సంస్థ పేరుతో అలాంటి బ్యానరు కట్టొచ్చా అనే దానికి లాయరు అక్కర్లేదు.

ఇంతకంటే ప్రమాదకరమైంది నిశ్శబ్దంగా జరుగుతుంది. నడుంనొప్పి ఒక్కోసారి కబురు. వెన్నెముకకు క్షయ పట్టి ఉండొచ్చు. గర్భాశయంలో గడ్డలుండొచ్చు. నెలనెలా పొత్తికడుపు మెలితిప్పే నొప్పి వెనక ఎండోమెట్రియోసిస్ ఉండొచ్చు, ఆ పేరు రోగి చెవిన పడడానికే ఏళ్ళు పడుతుంది. ముట్లుడిగిన తర్వాత మళ్ళీ రక్తం కనబడితే ఒక్క వారం కూడా ఆగకూడదు. బట్ట కూడా కదిలించకుండా, ఏ పరీక్షా లేకుండా సూదులు పెట్టి ఆ మనిషికి కాస్త తేలికపరిస్తే, కబురు తెచ్చినవాడి నోరు నొక్కినట్టే. మందులు లేని వైద్యం అని మురిసిపోయి షుగరు మాత్రలు, ఇన్సులిన్ ఆపేయమనే క్యాంపులకు మనం గది ఇచ్చామంటే, ఆ తర్వాత జరిగేదానికి మన సంతకం ఉన్నట్టే.

ఈ సూదులు ఎవరు పెడుతున్నారన్నది కూడా అడగాలి. చట్టం చూస్తే, పశ్చిమ బెంగాల్ 1996లోనే ఆక్యుపంక్చర్‌కి ప్రత్యేక చట్టం చేసుకుంది. కేంద్రం 2003లో దీన్ని చికిత్సా విధానంగా అనుమతించి, 2019లో స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. గుర్తింపు కాగితం మీద ఉంది. క్యాంపులో సూది పట్టుకునేది మాత్రం కొద్దిరోజుల శిక్షణ పొందిన, గౌరవ వేతనం తప్ప జీతం లేని మన సంఘం అమ్మాయి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్ బి అంటుకుంటుంది, అలా అంటుకున్న సంఘటనలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఛాతీ దగ్గర సూది లోతుకు దిగితే ఊపిరితిత్తికి చిల్లు పడుతుంది. ఏదైనా జరిగితే ఊళ్ళో నిలదీసేది ఆ అమ్మాయినే. శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ రాసిన పెద్దమనిషి అప్పటికి ఇంకో జిల్లాలో ఉంటాడు. ఆశా వర్కర్ల చాకిరీ మీద మనం ధర్నాలు చేస్తాం. ఈ చాకిరీకి సాధికారత అని పేరు పెడతాం.

వామపక్ష మిత్రులు కొందరు ఇంకో మాట అంటున్నారు. నొప్పికి మూలం పనిలో ఉంది, పని పరిస్థితులు మారకుండా సూదులేం చేస్తాయి అని. మూలం విషయంలో వాళ్ళతో నాకు తగాదా లేదు. బీడీ కార్మికుల ఆసుపత్రులకు డబ్బు వచ్చిన 1976 నాటి సెస్సు జీఎస్‌టీ రాకతో 2017లో రద్దయింది. ఆ రద్దు మీద మనం చేసిన గొడవ, ఆక్యుపంక్చర్ మీద చేస్తున్న గొడవలో పదో వంతు లేదు. అయినా, విప్లవం వచ్చేదాకా నడుంనొప్పి ఓర్చుకోమని ఆమెకు చెప్పే హక్కు వాళ్ళకెవరిచ్చారు? ఈ రాత్రి పక్కకు తిరిగి పడుకోగలగడం కూడా హక్కే.

కాబట్టి నొప్పికి సూదులు వద్దని నేననను. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ 2016లో నడుంనొప్పికి ఆక్యుపంక్చర్ వద్దంది. అదే సంస్థ 2021లో, ఇతర కారణమేదీ తేలని దీర్ఘకాలపు నొప్పికి ఒక్క విడత ఇచ్చి చూడొచ్చంది, అదీ మొత్తం అయిదు గంటలు మించకుండా. ఆ నొప్పికి పారాసిటమాల్, డైక్లో లాంటి మాత్రలు, మార్ఫిన్ జాతి మందులు కొత్తగా మొదలుపెట్టొద్దని కూడా చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలపు నడుంనొప్పి మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో వ్యాయామం, రోగికి అర్థమయ్యేలా చెప్పడం, మర్దనలతో పాటు సూదుల చికిత్సకూ షరతులతో చోటిచ్చింది. సాక్ష్యం బలహీనమని ఒప్పుకుంటూనే ఇచ్చింది. ఇంత మాత్రమే సూదికి దక్కిన చోటు. నొప్పికి, ఒక విడత, ఇతర వైద్యంతో పాటు. మన ఊరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక ఫిజియోథెరపిస్టుని అడగడానికి ఈ మార్గదర్శకాలే ఆధారం. క్యాంపుల పేరు చెప్పి ఆ డిమాండుని మనం అటకెక్కించాం.

వచ్చే క్యాంపుకి మిమ్మల్ని గది అడిగినప్పుడు ముందు ఎ.ఎన్.ఎం.నో లేడీ డాక్టరునో కూచోబెట్టి ప్రతి స్త్రీనీ పరీక్ష చేయించండి. ఎర్రజెండా లక్షణాలున్నవాళ్ళని పెద్దాసుపత్రికి తోడుగా తీసుకువెళ్ళే మనిషిని ముందే ఏర్పాటు చేసుకోండి. సూది పొట్లం ఆమె కళ్ళముందే చింపాలి. మొదటిరోజు నొప్పి ఎంత, ఆరోసారికి ఎంత అని ఆమె మాటల్లోనే పుస్తకంలో రాయండి, తగ్గకపోతే ఏడోసారి డబ్బు తీసుకోవద్దని చెప్పండి. బ్యానరు మీద సంతానలేమి, షుగరు అన్న రెండు మాటలు కొట్టేయమనండి. కొట్టేయనన్న వైద్యుడికి సంఘం గది తాళంచెవి ఇవ్వక్కర్లేదు.